నూట ఎనభయ్యో స్థానం కోసం

ఏటా మార్చి నెలలో లండన్‌లోని థేమ్స్ నది మీద హెడ్ ఆఫ్ ద రివర్ రేస్ అని ఒక పడవ పందెం జరుగుతుంది. మోర్ట్‌లేక్ నుంచి పట్నీ దాకా సుమారు 6.8 కిలోమీటర్లు. ఒక్కో పడవలో తెడ్లు వేసేవాళ్లు ఎనిమిది మంది, చుక్కాని తిప్పుతూ దారి చూపే కాక్స్ ఒకరు. ఇలాంటి పడవలు మూడు నాలుగు వందలు, పదేసి సెకన్ల ఎడంతో ఒకదాని వెనక ఒకటి బయల్దేరతాయి. గెలుపు మీద నిజంగా ఆశ పెట్టుకోగలిగినవి అందులో పదో పదిహేనో. ఒలింపిక్స్‌కు వెళ్లొచ్చినవాళ్లు, వెళ్లబోయేవాళ్లు ఉండేది వాటిలోనే. తక్కిన పడవల నిండా ఆఫీసు ఉద్యోగులు, బడి పంతుళ్లు, డాక్టర్లు, పరిశోధక విద్యార్థులు. పోయినేడు 187లో వచ్చాం, ఈసారి 180 లోపు రావాలి అన్నట్టుంటాయి వాళ్ల లెక్కలు. వరస నడిమధ్యన ఒక స్థానానికీ పక్క స్థానానికీ తేడా తరచు సెకను కూడా ఉండదు. ఆ కాస్త ఎగబాకడం కోసం అక్టోబరు నుంచి మార్చి దాకా చీకటితోనే లేచి నది మీదకు వెళ్తారు. ఆడవాళ్లకు ఇదే దారిలో మరో రోజు విడిగా పందెం ఉంది. వాళ్ల చలికాలం కూడా ఇలాగే గడుస్తుంది.

ఈ పందేన్ని 1926లో మొదలుపెట్టినవాడు స్టీవ్ ఫెయిర్‌బేర్న్. ఆస్ట్రేలియాలో పుట్టి, కేంబ్రిడ్జిలో కోచ్‌గా పేరు తెచ్చుకున్నాడు. చలికాలమంతా తొందరపడకుండా దూరాలు తెడ్డు వేస్తేనే ఎండాకాలం పందేల్లో వేగం వస్తుందన్నది ఆయన నమ్మకం. గురి లేకుండా చలిలో సాధన ఎవరు చేస్తారు? అందుకని సీజన్ చివర ఒక పందెం పెట్టాడు. ఆయన నమ్మకం ఎంత సరైనదో శరీర శాస్త్రం తేల్చడానికి మరో డెబ్భై ఎనభై ఏళ్లు పట్టింది. ఆ సంగతికి తర్వాత వద్దాం.

పట్నీలోని రోయింగ్ (తెడ్ల పడవల ఆట) క్లబ్బు మనిషి క్యాలెండర్‌ను రాసేది చంద్రుడు. సముద్రం చాలా దూరంలో ఉన్నా ఆటుపోట్లు ఇక్కడి దాకా వస్తాయి. పోటు వేళ రోజుకు సుమారు 50 నిమిషాల చొప్పున వెనక్కి జరుగుతుంటుంది. ఈ ఆదివారం సాధనకు తెల్లవారి ఏడింటికి నది అనుకూలంగా ఉంటే వచ్చే ఆదివారం అదే వేళకు ఒడ్డున బురద తేలి ఉండొచ్చు. గట్టి పోటు రోజుల్లో నీళ్లు గట్టు దాటి రోడ్డు మీదకే వస్తాయి. తెలియక అక్కడ కారు ఆపి వెళ్లినవాళ్ల కష్టాలు పట్నీలో పాత తమాషా. నదికి ఎదురు వెళ్లేటప్పుడు ఒడ్డుకు దగ్గరగా, ప్రవాహంతో వెళ్లేటప్పుడు నడిమికి వెళ్లడం ఇక్కడ మొదటి పాఠం. ఒడ్డు, అడుగు నేల నీటిని ఒరుసుకుని నెమ్మదింపజేస్తాయి కాబట్టి లోతైన నడిమి పాయలోనే ప్రవాహం జోరుగా ఉంటుంది. గోదావరి మీద గడ వేసి పడవ నడిపిన సరంగుకు ఇది ఎవరూ చెప్పనక్కర్లేదు. మార్చి పందేన్ని పాటు వేళ పెట్టడం కూడా నది తోడు కోసమే. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జిల మధ్య జరిగే బోట్ రేస్ ఇదే దారిని తిరగేసి, పోటుతో పాటు పట్నీ నుంచి మోర్ట్‌లేక్‌కు వెళ్తుంది.

ఇక పడవ. దాన్ని మొదటిసారి దగ్గర నుంచి చూసినవాళ్లకు ఇందులో మనుషులు ఎలా కూర్చుంటారన్న అనుమానం వస్తుంది. ఎనిమిది మంది ఎక్కే ఎయిట్ పడవ పొడవు 17 మీటర్ల పైమాట, వెడల్పు అరమీటరుకు కొంచెం ఎక్కువ. పందేల నిబంధనల ప్రకారం కనీస బరువు 96 కిలోలు. అందులో ఎక్కే తొమ్మిది మంది బరువు ఏడు వందల కిలోల దాకా ఉంటుంది. ఒంటరివాడి పడవ సింగిల్ స్కల్ అయితే కనీసం 14 కిలోలు, నీటి మట్టం దగ్గర వెడల్పు జానెడున్నర. అడుగు భాగం దాదాపు అర్ధవృత్తం. దానికి కారణం ఉంది. ఈ పడవను వెనక్కి లాగే బలాల్లో అన్నిటికన్నా పెద్దది నీటికీ పడవ ఒంటికీ మధ్య ఒరిపిడి. మొత్తం నిరోధంలో సుమారు ఐదింట నాలుగు వంతులు దానిదే. తడిసే మేర ఎంత తగ్గితే అంత మేలు. ఒకే బరువును మోస్తూ అతి తక్కువ మేర తడిసే ఆకారం అర్ధవృత్తం. కానీ అర్ధవృత్తం నిలకడగా ఉండదు, దొర్లుతుంది. అంటే వేగం కోసం నిలకడను అమ్మేసుకున్న పడవ ఇది. నిలిపేది అటూ ఇటూ చాచిన తెడ్లే. ఎవరో ఒకరు పిడి ఎత్తును రెండు వేళ్ల మేర మార్చితే చాలు, పడవంతా ఒక వైపు ఒరిగి, ఆ వైపు నలుగురి తెడ్లూ నీళ్లలో ఈడ్చుకుంటాయి. చాలా క్లబ్బుల్లో చలికాలపు తగాదాలకు మూలం ఇదే. ఒరుగుడు ఎవరి వల్ల వచ్చిందో ఎనిమిది మందికీ తెలుసు, ఎనిమిది మందీ వేర్వేరు పేర్లు చెబుతారు.

కేరళ పాము పడవలవాళ్లు వెళ్లే దిక్కుకు ముఖం పెట్టి కూర్చుని, చేతిలో తెడ్డును పూర్తిగా తామే మోస్తూ నీళ్లు తోస్తారు. రోయింగ్‌లో వెళ్లే దిక్కుకు వీపు పెట్టి కూర్చోవాలి. తెడ్డు పడవ అంచు నుంచి బయటికి చాచిన లోహపు చట్రానికి బిగించి ఉంటుంది. 3.7 మీటర్ల తెడ్డులో పిడి వైపు ఉండేది మీటరుకు కాస్త ఎక్కువ, తక్కినదంతా బయటే. కూర్చునే పీట కింద చిన్న చక్రాలుంటాయి, అది పట్టాల మీద ముందుకూ వెనక్కూ జరుగుతుంది. పంతొమ్మిదో శతాబ్దం రెండో సగంలో ఈ పీట వచ్చాకే రోయింగ్ చేతుల ఆట నుంచి కాళ్ల ఆటగా మారింది. ఇప్పుడు ఒక స్ట్రోక్‌లో, అంటే ఒక్కసారి తెడ్డు వేయడంలో, పుట్టే శక్తిలో సగానికి పైగా తొడలదీ పిరుదులదీ. తర్వాతి వాటా నడుముది. చేతులు చివర్లో కాస్త చెయ్యేస్తాయి, అంతే. భుజాలు తిరిగినవాడు కొత్తగా క్లబ్బులో చేరి చేతులతో లాగుతుంటే కోచ్‌లు పెద్దగా మెచ్చుకోరు.

ఒక్క స్ట్రోక్‌ను నెమ్మదిగా చూద్దాం. పందెం వేగంలో అది రెండు సెకన్ల పని. మోకాళ్లు రొమ్ముకు ఆనేంతగా ముడుచుకుని, చేతులు బార్లా చాచి, తెడ్డు రెక్కను నీళ్లలో దించుతారు. దించీదించగానే కాళ్లతో ఎదుటి పలకను తంతారు. కాళ్లు సాగాక నడుము వెనక్కి వాలుతుంది, చివరికి చేతులు పిడిని రొమ్ము కిందికి తెస్తాయి. ఇదంతా సెకనులోపే. తెడ్డు రెక్క నీటిని వెనక్కి పెద్దగా జరపదు. రెక్క దాదాపు ఉన్నచోటే పాతుకుపోయినట్టుంటే, పడవే దాన్ని దాటుకుని ముందుకు పోతుంది. తర్వాత రెక్కను పైకి తీసి, నీటికి సమాంతరంగా తిప్పి, చేతులు, నడుము, మోకాళ్లు అదే వరసలో ముందుకు జరుపుతూ మళ్లీ మొదటికి రావాలి. మంచి ఎయిట్ పడవ ఈలోపు తొమ్మిది పది మీటర్లు పోతుంది. రెక్కను సమయానికి పైకి తీయలేకపోయారో, నీరు దాన్ని పట్టి లాగేస్తుంది. గంటకు 18 కిలోమీటర్ల వేగంలో పోతున్న పడవలో ఆ పిడి వెనక్కి వచ్చి పొట్టలో గుద్దుతుంది. ఒక్కోసారి మనిషినే ఎత్తి నీళ్లలో పడేస్తుంది. దీన్ని క్రాబ్ అంటారు. అది జరగని రోయర్ లేడు.

ఇప్పుడొక వింత. పడవ ఎప్పుడు అన్నిటికన్నా వేగంగా పోతుందని అడిగితే, తెడ్లు నీళ్లలో ఉండి అందరూ లాగుతున్నప్పుడు అంటాం. కాదు. పడవ గరిష్ఠ వేగం అందుకునేది ఎవరూ లాగనప్పుడు, అందరూ పీటల మీద ముందుకు జరుగుతున్నప్పుడు. కనిష్ఠ వేగం తెడ్డు నీళ్లలో దించిన క్షణం చుట్టుపక్కల. కారణం న్యూటన్ మూడో నియమమే. ఆగి ఉన్న చిన్న పడవలో ఒక కొస నుంచి రెండో కొసకు నడిచి చూడండి, పడవ మీకు ఎదురు దిక్కున జరుగుతుంది. ఇక్కడ మనుషుల బరువు పడవ బరువుకు ఏడు రెట్లు. ఏడు వందల కిలోలు పడవ వెనక భాగం వైపు, అంటే అమరం వైపు జరిగితే తేలికపాటి పడవ వాళ్ల కింద నుంచి ముందుకు దూకుతుంది. మళ్లీ కాళ్లతో తన్నగానే ఆ తన్ను ముందు పడవను వెనక్కి తోస్తుంది, తెడ్డు నీటిని పట్టుకున్నాకే మొత్తం ముందుకు సాగుతుంది. ఒడ్డున నిలబడి చూస్తే పడవ సాఫీగా జారిపోతున్నట్టుంటుంది. లోపల కూర్చున్నవాడికి మాత్రం ప్రతి స్ట్రోక్‌కూ ఒక కుదుపు.

ఈ వేగం హెచ్చుతగ్గుల వల్ల కొంత శక్తి ఊరికే పోతుంది. నీటి నిరోధం వేగపు వర్గంతో పెరుగుతుంది కాబట్టి, ఒకసారి మరీ జోరుగా, ఒకసారి మరీ నెమ్మదిగా పోయే పడవ ఒకే వేగంతో పోయే పడవ కన్నా ఎక్కువ శక్తి తింటుంది. మనుషులు కదలకుండా చట్రమే కదిలితే ఈ నష్టం తగ్గుతుంది కదా అని ఇంజనీర్లకు తట్టింది. అలా చేసిన పడవతో పశ్చిమ జర్మనీకి చెందిన పీటర్ మైకేల్ కోల్బె 1981లో ప్రపంచ విజేత అయ్యాడు. మిగతావాళ్లూ అదే దారి పట్టడంతో రెండు మూడేళ్లలోనే అంతర్జాతీయ సమాఖ్య దాన్ని నిషేధించింది. ఖర్చు పెరిగిపోయి మామూలు క్లబ్బులు వెనకబడిపోతాయన్నది చెప్పిన కారణం. నాకు ఆ నిర్ణయం సబబే అనిపిస్తుంది. ఇప్పటికే ఒక కొత్త ఎయిట్ పడవ ధరకు మంచి కారే వస్తుంది. చట్రం కదలదు కాబట్టి మనిషే నేర్చుకోవాలి. లాగేటప్పుడు చురుగ్గా, తిరిగొచ్చేటప్పుడు తాపీగా. తిరిగొచ్చేటప్పుడు పీటను దడదడా తోసుకొస్తే పడవను తామే వెనక్కి గుద్దినట్టు. అదే పొరపాటును ఎనిమిది మంది ఎనిమిది వేర్వేరు క్షణాల్లో చేస్తే ఇక చెప్పేదేముంది.

నది గడ్డకట్టినా, గాలి లేచినా, వరద వచ్చినా పని ఆగదు. క్లబ్బు షెడ్డులో వరసగా నిలిపిన, ఒడ్డునే తెడ్డు వేసే సాధన చేయించే ఎర్గ్ మెషీన్లు ఎదురుచూస్తుంటాయి. అమెరికాలోని వెర్మాంట్‌లో పీట్, డిక్ డ్రైసిగాకర్ అనే అన్నదమ్ములు స్థాపించిన కాన్సెప్ట్2 కంపెనీ మొదటి యంత్రం 1981లో వచ్చింది. గొలుసు లాగితే రెక్కలున్న చక్రం తిరుగుతుంది, గాలి దానికి అడ్డుపడుతుంది. రెండు లాగుళ్ల మధ్య చక్రం ఎంత త్వరగా నెమ్మదిస్తోందో చూసి యంత్రం గాలి నిరోధాన్ని తానే కొలుచుకుంటుంది, దాన్నిబట్టి మీ శక్తిని వాట్లలో లెక్కగడుతుంది. 500 మీటర్లకు ఎన్ని నిమిషాలు పడుతుందో తెర మీద చూపిస్తుంది. దాన్ని స్ప్లిట్ అంటారు. క్లబ్బులో ఎవరైనా మిమ్మల్ని పేరు తర్వాత అడిగే మొదటి ప్రశ్న మీ 2000 మీటర్ల టైమెంత అనే.

ఆ లెక్క చాలా నిర్దయగా ఉంటుంది. నిరోధం వేగపు వర్గంతో పెరుగుతుంది. ఆ నిరోధానికి ఎదురు పోవాల్సిన శక్తి వేగపు ఘనంతో పెరుగుతుంది. ఎర్గ్ కూడా ఇదే ఘన సూత్రం మీద నడుస్తుంది. 2000 మీటర్లు 8 నిమిషాల్లో పూర్తిచేయాలంటే సగటున సుమారు 203 వాట్లు కావాలి. 7 నిమిషాలకు 302. మరో 20 సెకన్లు తగ్గించి 6:40కి రావాలంటే 350. అంటే కాలం ఐదు శాతం కూడా తగ్గలేదు, కండరాల నుంచి మాత్రం పదహారు శాతం అదనంగా పిండాలి. పై శ్లాబులోకి వెళ్లే కొద్దీ రేటు పెరిగే ఆదాయపన్ను లాంటిది ఇది. 2018లో ఆస్ట్రేలియా రోయర్ జాషువా డంక్లీ-స్మిత్ 5 నిమిషాల 35.8 సెకన్లతో ప్రపంచ రికార్డు పెట్టాడు. ఏడు నిమిషాల క్లబ్బు మనిషి కన్నా అతని శక్తి దాదాపు రెట్టింపు. వేగం మాత్రం పావు వంతే ఎక్కువ.

ఇదే ఘన సూత్రాన్ని తిప్పి చూస్తే దయ కూడా కనిపిస్తుంది. సాధన చేస్తున్నా సరే, నడివయసు దాటాక శరీరం ఆక్సిజన్ వాడుకునే గరిష్ఠ సామర్థ్యం పదేళ్లకు పది శాతం దాకా తగ్గొచ్చు. శక్తి పది శాతం తగ్గితే వేగం తగ్గేది మూడున్నర శాతమే. ఏడు నిమిషాలవాడు ఏడుంబావు నిమిషాలవాడు అవుతాడు, అంతే. యాభై దాటినవాళ్లు పాతికేళ్లవాళ్ల పక్కన కూర్చుని తెడ్డు వేయగలగడానికి ఇదొక కారణం. వయసువారీ పందేల్లో మాస్టర్స్ విభాగం 27వ ఏటే మొదలవుతుంది. క్రికెట్‌లో అప్పుడప్పుడే కుదురుకునే వయసు అది.

ఎనిమిది మంది కలిస్తే ఎనిమిది రెట్ల శక్తి వస్తుంది కదా, మరి వేగం ఎంత పెరగాలి? హార్వర్డ్‌లో పనిచేసిన థామస్ మెక్‌మాన్ 1971లో సైన్స్ పత్రికలో దీనికి లెక్క కట్టాడు. మనుషులు పెరిగితే శక్తీ పెరుగుతుంది, వాళ్లను మోయడానికి పడవా పెరుగుతుంది, తడిసే మేరా పెరుగుతుంది. అన్నీ కలిపితే వేగం మనుషుల సంఖ్య తొమ్మిదో మూలంతో పెరుగుతుందని తేలింది. ఎనిమిదికి తొమ్మిదో మూలం 1.26. నిజంగానే 2000 మీటర్లలో మేటి సింగిల్ స్కల్లర్ ఆరున్నర నిమిషాల పైన తీసుకుంటే, మేటి ఎయిట్ అయిదుంబావు నిమిషాల పైన తీసుకుంటుంది. ఒక చిన్న సూత్రం నదికి ఇంత దగ్గరగా రావడం నాకు ఎప్పుడూ ముచ్చటగానే ఉంటుంది. లాభం మాత్రం పిసరంతే. ఏడుగురు అదనంగా ఎక్కితే వచ్చేది పాతిక శాతం. ఆ పాతిక శాతం కూడా ఎనిమిది మందీ ఒక్కటిగా కదిలితేనే.

శరీరం లోపల జరిగేదాన్ని ఆ 2000 మీటర్ల పరీక్షలోనే బాగా చూడొచ్చు. మొదటి పది సెకన్లు కండరాల్లో నిల్వ ఉన్న ఏటీపీ, ఫాస్ఫోక్రియాటిన్‌లు పని నడిపిస్తాయి. ఆ కాసేపూ అంతా తేలిగ్గా ఉంటుంది, చేయకూడని పొరపాటు కూడా అక్కడే జరుగుతుంది. ఉత్సాహం కొద్దీ స్ప్లిట్‌ను అనుకున్నదాని కన్నా ఐదారు సెకన్లు కిందికి దించుతారు. ఊపిరితిత్తులు, గుండె పూర్తి జోరు అందుకోవడానికి ఒకటి రెండు నిమిషాలు పడుతుంది. ఈలోపు లోటును ఆక్సిజన్ లేకుండానే చక్కెరను విరిచి పూడుస్తాయి కండరాలు. దాంతో లాక్టేట్ పేరుకుంటుంది, కండరాల్లో ఆమ్లత పెరుగుతుంది. లాక్టేట్‌ను విషంలా చూడడం పాత అలవాటు. నిజానికి గుండె, ఇతర కండరాలు దాన్ని ఇంధనంగా వాడుకుంటాయి. మంటకూ బిగుసుకుపోవడానికీ కారణాలు చాలా ఉన్నాయి, ఆమ్లత అందులో ఒకటి. మూడో 500 మీటర్ల దగ్గర ఇదంతా ఒక్కసారిగా మీద పడుతుంది. మొదటి ఉత్సాహం పోయింది, చివర ఇంకా కనబడటం లేదు. మొత్తం పరీక్షకు కావాల్సిన శక్తిలో సుమారు మూడొంతులు, ఆ పైన, ఆక్సిజన్ దారిలోనే రావాలి. అందుకే రోయర్లకు పెద్ద ఛాతీ వరం. బ్రిటన్ తరఫున మూడుసార్లు ఒలింపిక్ స్వర్ణం తెచ్చిన పీట్ రీడ్ ఊపిరితిత్తుల సామర్థ్యం 11 లీటర్ల పైన అని కొలిచారు. మామూలు మగవాడికి ఐదారు లీటర్లు.

మరి ఊపిరితిత్తులు పెంచుకోలేనివాడు ఏం చేయాలి? ఇక్కడే ఫెయిర్‌బేర్న్ నమ్మకానికి రుజువు దొరికింది. నార్వేలో స్థిరపడిన అమెరికన్ శాస్త్రవేత్త స్టీఫెన్ సైలర్, సహ రచయిత ఫిస్కర్‌స్ట్రాండ్‌తో కలిసి నార్వే అంతర్జాతీయ రోయర్ల 1970 నుంచి 2001 దాకా సాధన లెక్కలు తీసి 2004లో ప్రచురించాడు. ఆ మూడు దశాబ్దాల్లో తేలికపాటి సాధన నెలకు 30 గంటల నుంచి 50 గంటలకు పెరిగింది. పందెం వేగంలోనూ అంతకన్నా జోరుగానూ చేసే సాధన 23 గంటల నుంచి ఏడు గంటలకు పడిపోయింది. ఆక్సిజన్ వాడుకునే సామర్థ్యం మాత్రం 12 శాతం పెరిగింది. పక్కవాడితో మాట్లాడగలిగేంత తాపీగా గంటల తరబడి లాగుతుంటే కండరాల్లో మైటోకాండ్రియాలు, సన్నని రక్తనాళాలు పెరుగుతాయి. చిక్కేమిటంటే ఆ నార్వేవాళ్లు ఏడాదికి వెయ్యి గంటలకు పైగా సాధన చేస్తారు. ఉద్యోగం, పిల్లలు, రైలు ప్రయాణాలు ఉన్న క్లబ్బు మనిషికి వారానికి ఆరేడు గంటలు దొరికితే గొప్ప. దొరికిన కాస్త సమయాన్ని తాపీగా గడపడానికి మనసొప్పదు. దాంతో ప్రతిరోజూ అటు తేలికా కాక, ఇటు జోరూ కాక, మధ్యలో ఏదో లాగి అలిసిపోయి ఇంటికొస్తాడు. క్లబ్బుల్లో నేను చూసిన అలసటలో ఎక్కువ భాగం ఇదే.

దెబ్బల సంగతి క్లుప్తంగా. అరచేతుల్లో బొబ్బలు లేచి, పగిలి, కాయలు కాస్తాయి. నడుము నొప్పి ఈ ఆటకు పుట్టుమచ్చ. సాధన ఒక్కసారిగా పెంచితే పక్కటెముకల్లో సన్నని చీలికలు రావొచ్చు. కనబడని ప్రమాదం నీళ్లలోనే ఉంది. 1984, 1988 ఒలింపిక్స్‌లో స్వర్ణాలు గెలిచిన బ్రిటన్ రోయర్ ఆండీ హోమ్స్ 2010లో వీల్స్ వ్యాధితో చనిపోయాడు. అది లెప్టోస్పైరోసిస్‌లో ముదిరిన రూపం, మన కోస్తా వరి రైతులకు తెలిసిన ఎలుక జ్వరమే. ఎలుకల మూత్రం కలిసిన నీరు, చేతి మీద పచ్చి గాయం, ఈ రెండూ కలవకుండా చూసుకోవాలి. సాధన అవగానే సబ్బుతో చేతులు కడుక్కోమని ప్రతి బోట్‌హౌస్ గోడ మీదా రాసి ఉండడం వెనక కథ ఇది.

ఈ క్లబ్బుల్లోకి ఇప్పుడు ఎవరైనా చేరొచ్చు. ఒకప్పుడు అలా కాదు. 1839 నుంచి జరుగుతున్న హెన్లీ రెగట్టా అనే పడవ పందేల ఉత్సవం 1879లో పెట్టుకున్న నిర్వచనం ప్రకారం కూలి తీసుకుని చేతిపని చేసేవాడు అమెచ్యూర్ కాదు, అంటే పందేనికి అర్హుడు కాదు. ఒంట్లో బలం పనితో వచ్చిందా, తీరికతో వచ్చిందా అన్నది వాళ్ల తూకం. 1920లో ఫిలడెల్ఫియా నుంచి జాన్ కెల్లీ అనే రోయర్ అక్కడి డైమండ్ స్కల్స్ అనే సింగిల్ స్కల్ పందేనికి పేరు పంపితే హెన్లీ తిప్పికొట్టింది. కెల్లీ ఇటుకలు పేర్చిన తాపీమేస్త్రీ అన్నది ఒక కారణం. అదే ఏడు ఆంట్వెర్ప్ ఒలింపిక్స్‌లో ఆయన బ్రిటన్ రోయర్ జాక్ బెరెస్‌ఫర్డ్‌ను ఓడించి స్వర్ణం తీసుకెళ్లాడు. చేతిపని నిషేధం 1930ల చివర్లో పోయింది. 1947లో కెల్లీ కొడుకు వచ్చి అదే డైమండ్ స్కల్స్ గెలిచాడు. నటి గ్రేస్ కెల్లీ ఆయన చెల్లెలు.

ఇంగ్లీషువాళ్లు ఎక్కడికి వెళితే అక్కడికి ఈ పడవలూ వెళ్లాయి. కలకత్తా రోయింగ్ క్లబ్ 1858 నాటిది, అడయారు నది ఒడ్డున మద్రాస్ బోట్ క్లబ్ 1867 నాటిది. హుస్సేన్‌సాగర్ మీద జాతీయ పోటీలు జరిగాయి. అయినా మన దగ్గర ఈ ఆటకు పెద్ద దిక్కు సైన్యమే. 2010లో గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో రోయింగ్‌లో దేశానికి తొలి స్వర్ణం తెచ్చిన బజరంగ్ లాల్ తాఖర్ సైనికుడే. 2024 పారిస్‌లో సింగిల్ స్కల్స్‌లో పోటీపడిన బల్‌రాజ్ పన్వర్ కూడా. ఆఫీసుకు వెళ్లేముందు గంటసేపు తెడ్డేసి వచ్చే 180వ స్థానం మనిషి మన ఊళ్లలో అరుదు. రెండు కిలోమీటర్ల శుభ్రమైన, నిలకడైన నీళ్లు ఎన్ని ఊళ్లకున్నాయి?

ఇంత చేసి వాళ్లకు దక్కేదేమిటన్న ప్రశ్నకు ఆక్స్‌ఫర్డ్‌లో ఒక చిన్న ప్రయోగం జరిగింది. పరిశోధకుడు రాబిన్ డన్‌బార్ బృందం బోట్ రేస్ జట్టులోని 12 మందిని ఎర్గ్‌ల మీద 45 నిమిషాలు లాగమంది. ఒకసారి ఒంటరిగా, ఒకసారి ఆరుగురు పక్కపక్కన కూర్చుని ఒకే లయలో. తర్వాత చేతికి బీపీ పట్టీ చుట్టి, గాలి కొడుతూ, ఎంత బిగువు దగ్గర నొప్పి అంటారో చూశారు. సాధన తర్వాత నొప్పి ఓర్పు పెరగడం మామూలే. శరీరంలో ఎండార్ఫిన్లు విడుదలవుతాయనడానికి అదొక గుర్తు. కలిసి లాగినప్పుడు ఆ ఓర్పు ఒంటరిగా లాగినప్పటి కన్నా చెప్పుకోదగినంత ఎక్కువ పెరిగింది. రెండుసార్లూ పెట్టిన శక్తి ఒకటే. ఎండార్ఫిన్లను రక్తంలో నేరుగా కొలవలేదు, మనుషులు పన్నెండు మందే, పైగా వాళ్లు ముందే స్నేహితులు. కాబట్టి దీని మీద మరీ పెద్ద మేడ కట్టకూడదు. అయినా మెక్‌మాన్ లెక్క పడవకు ఎనిమిది మంది కలయిక వల్ల ఎంత తక్కువ లాభమో చెబితే, ఈ ప్రయోగం మనిషికి దక్కే లాభం ఏ వైపు నుంచి వస్తుందో చెబుతుంది.

ఈ ప్రయోగానికి పడవ కూడా అక్కర్లేదు. హైదరాబాద్, విజయవాడ, విశాఖ జిమ్‌లలో ఈ యంత్రం కనిపిస్తూనే ఉంటుంది, ఎక్కువగా ఖాళీగానే. ఎక్కినవాళ్లలో చాలామంది పక్కనున్న మీటను 10కి తోసి, చేతులతో లాగి, రెండు నిమిషాల్లో నడుము పట్టుకుని దిగిపోతారు. ఆ మీట కష్టాన్ని పెంచేది కాదు, చక్రంలోకి వచ్చే గాలిని పెంచేది. 10 దగ్గర బరువైన పాత పడవలా ఉంటుంది. క్లబ్బు రోయర్లు ఎక్కువమంది 3కీ 5కీ మధ్య పెట్టుకుంటారు, కష్టమెంతన్నది కాళ్లు తన్నిన జోరును బట్టి అదే తేలుతుంది. ముందు కాళ్లు, తర్వాత నడుము, చివర చేతులు. తిరిగొచ్చేటప్పుడు ముందు చేతులు, తర్వాత నడుము, చివర మోకాళ్లు. లాగడానికి ఒక సెకను, తిరిగి రావడానికి రెండు. పక్క యంత్రం కూడా ఖాళీగా ఉంటే ఒక స్నేహితుణ్ణి కూర్చోబెట్టి, ఇద్దరి గొలుసుల చప్పుడు ఒక్కటయ్యేలా ఇరవై నిమిషాలు లాగి చూడొచ్చు.